గాడిదల దారి

కార్తీక వనభోజనాలంటే ఢిల్లీలో మా ఆర్.కె. పురం తెలుగువాళ్లకి ఏటా ఒకటే తంతు. ఏదో ఒక పార్కు చూసుకోవడం, అక్కడ ఉసిరిచెట్టు ఉండదు కాబట్టి ఎవరింట్లోనో కుండీలో ఉన్న ఉసిరి మొక్కని కారు డిక్కీలో పడుకోబెట్టి తీసుకురావడం, దాని చుట్టూ కూర్చుని పులిహోర తినడం, హౌసీ ఆడుకోవడం, చీకటి పడకుండా ఇంటికి రావడం. ఆ ఏడు మాత్రం మా గుంపులోకి కొత్తగా ఒక కడప అమ్మాయి వచ్చింది. మా పక్కనే మునిర్కాలో గది తీసుకుని, అడవి మొక్కల మీద పరిశోధన చేసుకుంటోంది.

"పార్కులో కూర్చోని తినేదానికి కార్తీకమాసమే కావల్నా సార్? ఊరికి గంట దూరంలో ఎర్రరాళ్ల గుట్టలు పెట్టుకోని మీరెవురూ చూడలేదంటే ఎట్ల? పొద్దున్నే పోదాం, నడుద్దాం, ఆడనే తిందాం" అంది.

అలా దీపావళి వెళ్లిన రెండో ఆదివారం, పధ్నాలుగు మందిమి ఒక టెంపో మాట్లాడుకుని బయల్దేరాం. మోకాళ్ల నొప్పులని మా ఆవిడ రాలేదు, దద్దోజనం గిన్నె మాత్రం పంపింది. నేనూ, పదిహేనేళ్ల మా అమ్మాయీ వెళ్లాం. మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఫోన్లో గాలి ఎంత పాడైందో చూసుకుంటూ, "పాపా, మాస్క్ పెహనో" అని, మాస్కు పెట్టుకోమని నన్ను దారంతా సతాయించింది.

మా పై క్వార్టర్ ఆవిడ కూడా వచ్చింది. ఆవిడ గురించి ముందు చెప్పాలి. పదకొండేళ్లుగా మా నెత్తిమీదే ఉంటున్నారు ఆ దంపతులు. భార్యాభర్తలిద్దరూ సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగులే. పిల్లల్లేరు. ఆవిడ ఏదో మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. రేడియోలో వార్తలు చదివినట్టు ఒక్క అక్షరం వంకర పోకుండా మాట్లాడుతుంది. మీదే ఊరండీ అని ఎవరైనా అడిగితే "హైదరాబాదు వైపు" అంటుంది. ఆ "వైపు" ఏ వైపో అడగాలని పదకొండేళ్లలో మాకెవరికీ తోచలేదు. కరివేపాకు ఇచ్చిపుచ్చుకున్నాం, జ్వరాలకి పరామర్శించుకున్నాం, సరిపోయిందనుకున్నాం.

ఛత్తర్‌పూర్ దాటి, ఫరీదాబాద్ రోడ్డు పట్టుకుని, గుట్టల మొదట్లో దిగేసరికి ఎనిమిదిన్నర అయింది. మొదట ఓ అరగంట అంతా సర్కారు తుమ్మ పొదలే. తర్వాత రాయి బయటపడింది. ఢిల్లీలో ఇరవై మూడేళ్లున్నాను గాని, ఊరి పక్కన భూమి ఇంత ఎర్రగా ఉంటుందని నాకు తెలీదు. కొన్నిచోట్ల తుప్పు రంగు, కొన్నిచోట్ల ఆరబోసిన మిరపకాయల రంగు. వానలకి పెరిగిన గడ్డి అప్పటికే పండిపోయి, ఎర్రటి బండల సందుల్లో పసుప్పచ్చగా ఊగుతోంది. ఓ నీల్‌గాయ్, మన మనుబోతే, మమ్మల్ని చూసి, భయపడాలా వద్దా అని కాసేపు ఆలోచించుకుని, పొదల్లోకి వెళ్లిపోయింది.

కడప అమ్మాయి ముందు నడుస్తూ చెట్ల గురించి చెబుతోంది. అందరం ఫోటోలు తీసుకుంటున్నాం. పై క్వార్టర్ ఆవిడ వెనకబడింది. కాళ్లు నొప్పెడుతున్నాయేమోనని నేను ఆగి వెనక్కి చూశాను. ఆవిడ వంగి, నేలమీద నుంచి చిటికెడు ఎర్ర ఇసుక తీసి, వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకుంటోంది. నన్ను చూసి చెయ్యి దులుపుకుంది.

"ఏంటండీ?" అన్నాను.

"ఏం లేదు అన్నయ్యగారూ. మట్టి" అంది.

ఇంకేం అడుగుతాం? నడిచాం.

పదకొండు గంటలప్పుడు పాత గనుల దగ్గరికి వచ్చాం. ఒకప్పుడు ఊరంతా ఇళ్లు కట్టడానికి ఎర్ర ఇసుకా, రాయీ ఇక్కణ్నుంచే తవ్వుకెళ్లారట. గనులు మూసేసి ముప్పై ఏళ్ల పైమాటే. తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు ఊరి, అవి చెరువులైపోయాయి. చుట్టూ నిట్టనిలువుగా ఎర్రటి గోడలు, అడుగున ఆకుపచ్చటి నీళ్లు. అది అందంగా ఉందనే అనాలి. మేమందరం అన్నాం కూడా.

"అంచుకి పదడుగుల దూరం ఉండండి. పైకి గట్టిగా కనిపిస్తాది, కింద డొల్లగా ఉంటాది" అని కడప అమ్మాయి నాలుగుసార్లు చెప్పింది. నాకు ప్రత్యేకంగా, "సార్, పాపని చూసుకోండి" అని కూడా చెప్పింది. నేను సరేనన్నాను. అని, పక్కాయనతో ప్రమోషన్ల లిస్టు ఎందుకు ఆగిపోయిందో మాట్లాడుతూ నిలబడ్డాను.

చప్పుడు పెద్దగా ఏం రాలేదు. గోనె సంచిలోంచి బియ్యం జారినట్టు ఒక చప్పుడు. తర్వాత ఎవరో ఆడమనిషి కేక. తిరిగి చూస్తే, మా అమ్మాయి నిలబడి ఉండాల్సిన చోట అంచు అర్ధచంద్రంలాగా కొరికేసి ఉంది. ఎర్రటి దుమ్ము లేస్తోంది. మా అమ్మాయి లేదు.

అప్పుడు నేనేం చేశానో రాయాలి. ఇది రాయడానికే నాకు ఏడాది పట్టింది. నేను పరిగెత్తలేదు. పిలవలేదు. ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయాను. ఎవరో నా భుజం పట్టుకుని "ఉంది, ఉంది, కిందకి పోలేదు" అని అరుస్తున్నారు. ఆ మాటలు నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

గోడలో సగంలోపే, ఒక మనిషి వెడల్పు ఉన్న మెట్టులాంటి అరుగు ఉంది. జారిన ఇసుకతో పాటు వెళ్లి మా అమ్మాయి దానిమీద పడింది. గోడకి అతుక్కుపోయి, ఒక కాలు ముడుచుకుని కూర్చుంది. అరుగు కింద మూడంతస్తుల లోతున నీళ్లు. పైనుంచి అందుకోవాలంటే అంచు మీదికి వెళ్లాలి. అడుగు పెడితే ఆ అంచు కూడా ఆమె నెత్తిమీద పడేలా ఉంది. ఇద్దరు ఫోన్లు తీశారు, సిగ్నల్ లేదు. ఒకాయన రోడ్డు వైపు పరిగెత్తాడు. మిగిలినవాళ్లు తాడు తాడు అంటున్నారు. మా దగ్గర తాడెక్కడిది? పులిహోర గిన్నెలున్నాయి.

పై క్వార్టర్ ఆవిడ అప్పటికే కింద కూర్చుని బూట్లు విప్పేసింది. మేజోళ్లు లాగి బూట్లలో కుక్కింది. చున్నీ నడుముకి బిగించి కట్టింది. లేచి, గోడ వైపు ఎడమ నుంచి కుడికి ఒకసారి చూసింది, మనం ఏదైనా కాగితంలో మన పేరు వెతుక్కున్నట్టు.

"గాడిదల తొవ్వ ఉండాలె" అంది.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అక్షరాలు చెక్కినట్టు మాట్లాడే మనిషి గొంతు కాదది.

"ఏం దారమ్మా?" అంది కడప అమ్మాయి.

"గాడిదల మీద ఇసుక మోసుకొచ్చేటి తొవ్వ. ప్రతి గుంతకు ఉంటది. లేకుంటే మాల్ పైకి ఎట్లొస్తది?" అంటూనే ఆవిడ ఎడమ చేతివైపు దూరంగా, సర్కారు తుమ్మ కమ్ముకున్న చోటికి నడిచింది. ముళ్లు చేతులతోనే పక్కకి లాగింది. దాని వెనక నిజంగానే ఉంది. అడుగున్నర వెడల్పు బాట, గోడని పట్టుకుని వాలుగా కిందకి దిగుతోంది. ఆ బాటే ముందుకెళ్లి, మా అమ్మాయి పడ్డ అరుగుగా మారుతోంది.

"అమ్మా, వద్దు, మీరు పోవద్దు!" అని కడప అమ్మాయి చెయ్యి పట్టుకోబోయింది.

"నువ్వు రాకు. బరువు ఎక్కువైతది" అని ఆవిడ దిగిపోయింది.

నేను చేతుల మీద పాకుతూ ఎదురుగా కనిపించే చోటికి వెళ్లాను. మిగతాదంతా నేను కళ్లారా చూశాను. ఆవిడ ప్రతి అడుగుకీ ముందు వేలిమెటికలతో గోడని కొట్టి వింటోంది, ఎవరింటి తలుపో తట్టినట్టు. ఒకచోట కొట్టి, తల అడ్డంగా ఊపి, ఆ రాయి మీద చెయ్యి వెయ్యకుండా దాటింది. ఆవిడ దాటాక ఆ రాయి ఊడి నీళ్లలో పడింది. ఆ చప్పుడు గుంతంతా తిరిగి మళ్లీ మా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, కదలకు. నేనొస్తున్న. నీళ్ల దిక్కు చూడకు, నా మొకం చూడు."

"ఆంటీ, ముఝ్‌సే నహీ హోగా" అని మా అమ్మాయి ఏడుస్తోంది. నావల్ల కాదు, నావల్ల కాదు అని అదే మాట.

"అయితది. ఎందుకు కాదు? నీకంటె చిన్నప్పుడు ఈ తొవ్వల నేను నెత్తిమీద సద్దిగిన్నె పెట్టుకొని దిగిన. లే. పొట్ట గోడకు ఆనియ్యి, వీపు కాదు. మడిమ పెట్టు ముందుగాల. ఆ... గట్లనే. ఇంకొకటి."

ఏం విన్నానో నాకు తెలుస్తూనే ఉంది, కానీ బుర్రకి ఎక్కడం లేదు. ఆవిడ ముందు, మా అమ్మాయి ఆవిడ నడుముకున్న చున్నీ పట్టుకుని వెనక, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. పావుగంట పట్టిందన్నారు తర్వాత. పైకి చేరగానే నలుగురైదుగురు లాక్కున్నారు. మా అమ్మాయి మోచేతులు దోక్కుపోయాయి, చీలమండ ఉబ్బిపోయింది. నన్ను పట్టుకుని వణికింది. నేనూ వణికాను. దానికి ధైర్యం చెప్పాల్సినవాణ్ని, దానికంటే ఎక్కువ వణికాను.

కాసేపటికి ఆవిడకి దణ్ణం పెడదామని లేచాను. తుమ్మముళ్లకి ఆవిడ అరచేతులు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఎవరో నీళ్లు పోస్తున్నారు. దణ్ణం మాట మర్చిపోయి, "మీకెలా తెలుసమ్మా ఆ దారి?" అన్నాను.

"మా నాయన ఈడనే ఉన్నడు అన్నా" అంది.

ఎక్కడ అని నేను తెలివితక్కువగా చుట్టూ చూశాను.

ఆవిడ నీళ్ల వైపు చూపించింది. "ఈ గుంతల కాకుంటే పక్క గుంతల. తియ్యలే."

నీళ్లు పోస్తున్నవాళ్లు సీసా పక్కన పెట్టారు. తర్వాత ఆవిడే చెప్పింది. కొంచెం కొంచెంగా, ఎవరి మొహమూ చూడకుండా.

వాళ్లది పాలమూరు. కరువుకి ఒక మేస్త్రీ పదిహేను కుటుంబాలని రైలెక్కించి తీసుకొచ్చాడు. అప్పటికి ఆవిడకి ఐదేళ్లు. రాళ్లు పేర్చి పైన రేకు వేసిన గుడిసె. వాళ్లకి ఆ చోటు పేరు కూడా తెలీదు. గుంతలకి నంబర్లుండేవి. వాళ్లది ఏడో నంబరు. మగవాళ్లు తవ్వేవాళ్లు, ఆడవాళ్లు జల్లించేవాళ్లు, పిల్లలు మధ్యాహ్నం సద్ది అన్నం గిన్నెలు పట్టుకుని దిగేవాళ్లు, లేకపోతే పైనుంచి ఆడవాళ్లు కేకేస్తే మగవాళ్లే ఎక్కి వచ్చేవాళ్లు. ఏ రాయి మీద చెయ్యి వెయ్యొచ్చో, ఏది డొల్లో, కొట్టి వినడం వాళ్ల నాన్నే నేర్పాడు. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు, దసరా వెళ్లాక, రాత్రంతా వానపడ్డ మర్నాడు గోడ కూలింది. ముగ్గురు కింద పడ్డారు. సాయంత్రం దాకా తవ్వించి, దొరకలేదని ఆపేశారు. మర్నాడు పొద్దున్న పని ఎనిమిదో నంబరుకి మారింది.

"మా అమ్మ పోనన్నది. మనిషిని తియ్యంది నేనేడికి పోనన్నది. మూడు నెలలు ఆ అంచుకే కూర్చున్నది. తర్వాత మా మామ వచ్చి గుంజుకపోయిండు" అంది. "నన్ను హాస్టల్ల వేసిండ్రు. చదువుకున్న. పోస్టింగ్ ఢిల్లీ అని వచ్చిన్నాడు మా అమ్మ అన్నం ముట్టలే."

"మరి ఇన్నేళ్లలో వెతకలేదా?" అని ఎవరో అడిగారు.

"ఏమని అడగాలె? ఏడో నంబరు ఎక్కడని అడగాలెనా? పొద్దున్న ఆ మట్టి నోట్లె వేసుకున్నంక తెలిసింది."

నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట మా బ్లాకు మెట్లు బాగుచేస్తున్నప్పుడు, కూలివాళ్ల పసిపిల్ల ఒకత్తి ఇసుక కుప్ప మీద నిద్రపోయేది. మెట్ల దగ్గర ఇదేం న్యూసెన్స్ అని నేను కంప్లయింటు రాసి, బ్లాకులో అందరి చేతా సంతకాలు పెట్టించాను. ఈవిడ దగ్గరికీ వెళ్లాను. కాగితం మొత్తం చదివి, "నేను పెట్టను అన్నయ్యగారూ" అని మర్యాదగా తలుపేసుకుంది. పొగరు అనుకున్నాను. ఆ మాట ఇంట్లో పైకే అన్నాను.

ఆ రోజు భోజనాలు ఎవరూ సరిగ్గా తినలేదు. ఒక పెద్దావిడ విస్తట్లో పులిహోర పెట్టి, "మీ నాన్నగారి పేరు చెప్పి అంచున పెట్టమ్మా, కార్తీకమాసం" అంది. ఈవిడ ఆ విస్తరి వైపు చూసి, "వద్దు ఆంటీ. మా నాయనకు పులుపు పడదు" అంది. అంతలోనే ఫక్కున నవ్వింది. నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి మోకాళ్ల మీద మొహం పెట్టుకుంది. అప్పుడు మా అమ్మాయి, వాచిన కాలు ఈడ్చుకుంటూ వెళ్లి, ఆవిడ వీపుకి తన వీపు ఆనించి కూర్చుంది.

ఆసుపత్రిలో చీలమండ దగ్గర ఎముక చిట్లిందన్నారు, సిమెంటు కట్టు వేశారు. సాయంత్రం ఆవిడ భర్త మా తలుపు కొట్టాడు. మంచి మనిషి, గుంటూరాయన, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు.

"ఏం జరిగిందండీ? మా ఆవిడ వచ్చినప్పట్నుంచీ వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది. చేతులకి కట్లు. అడిగితే, 'దొరికింది' అంటోంది. ఏం దొరికింది?"

నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన నిలబడే విన్నాడు. మధ్యలో గోడ పట్టుకున్నాడు.

"నాతో ఏదో యాక్సిడెంట్ అని చెప్పిందండీ" అన్నాడు. "పెళ్లయి పంతొమ్మిదేళ్లు. నేనూ ఎప్పుడూ ఇంకో ముక్క అడగలేదు." తర్వాత మెట్లెక్కబోయి, ఒక మెట్టు మీద ఆగిపోయి, అక్కడే కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ మెట్ల మీద అలా ఎప్పుడూ కూర్చోలేదు మేము.

మర్నాడు ఆవిడ మా అమ్మాయిని చూడ్డానికి వచ్చింది. మా హాల్లోనే కూర్చుని పాలమూరుకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, చేతులకి కట్లున్నాయి కదా.

"అమ్మా, జాగ దొరికిందే."

అవతల నుంచి ముసలి గొంతు అడిగింది. "ఆడ నీళ్లున్నయా?"

"ఉన్నయమ్మా. గుంత నిండ ఉన్నయ్."

"అయితే దూప తీరిందేమో" అంది ఆ గొంతు. "ఆ దినం నేను నీళ్లకుండ దింపలేదే. ఆలిశమైంది. నోరెండి పోయిండని ఇన్నేండ్లు..." అని ఆగిపోయింది.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి వదిలేసింది, ఏడుపు వినబడకుండా.

పై క్వార్టర్ ఆవిడ వెళ్లాక మా అమ్మాయి నన్ను చూసి మెల్లగా అడిగింది. "పాపా, ఆప్ బైఠ్ క్యోం గయే థే?" ఎందుకు కూర్చుండిపోయారు నాన్నా అని. నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నాకు తెలీదన్నాను. నాకు ఇప్పటికీ తెలీదు. అది తల ఊపి, "ఠీక్ హై" అంది.

చలి తగ్గాక పై క్వార్టర్ ఆవిడ తల్లి పాలమూరు నుంచి వచ్చింది. రైల్వేస్టేషన్‌కి ఆ దంపతులతో పాటు నేనూ, మా అమ్మాయీ వెళ్లాం. బక్కపలచటి మనిషి, ముక్కుపుడక, చేతిలో ఒక సంచి. మర్నాడే గుట్టలకి తీసుకెళ్లాం. కడప అమ్మాయి దారి చూపించింది. మొదటి గుంత దగ్గర ముసలామె చాలాసేపు చూసి, "ఇది కాదేమో" అంది. రెండోదాని దగ్గర, "ఇదేమో" అంది. మూడోదాని దగ్గరికెళ్లాక మళ్లీ మొదటిదేనేమో అంది. నీళ్లు నిండాక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె కూర్చున్న అంచు ఎప్పుడో కూలిపోయి ఉండాలి. అంత దూరం వచ్చిన మనిషి ఏమైపోతుందోనని నేను భయపడ్డాను.

ఆమె ఏమీ అయిపోలేదు. మూడు గుంతలూ కనిపించే మిట్ట ఒకటి చూసుకుని, దానిమీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ... ! సద్ది వచ్చిందీ... !"

అంత సన్నటి మనిషిలోంచి అంత గొంతు ఎలా వచ్చిందో! నా పక్కన మా అమ్మాయి ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. ఎర్రగోడలకి కొట్టుకుని ఆ కేక ఒకదాని తర్వాత ఒకటిగా మూడు గుంతల్లోంచీ తిరిగొచ్చింది. నీళ్ల మీదున్న పిట్టలన్నీ లేచాయి. ఆమె కాసేపు ఆగింది. కిందనుంచి ఒక మనిషి పైకెక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి, "పోదాం పా బిడ్డా, ఎండెక్కుతున్నది" అంది.